నాకు పాట రాదు

నాకు పాట రాదు. ఇది వినయం కాదు, నిజం. నా గొంతు నూనె పెట్టని తలుపులా కిర్రుమంటుంది. శ్రుతి అంటే ఏమిటో ఈ వయసుకీ నాకు అంతుపట్టలేదు. అయినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జనం నన్ను ఎక్కువగా అడిగింది మాత్రం ఒకటే: “ఓ పాట పాడమ్మా.” ఎందుకంటే నాకు చూపు లేదు.

చూపు పోయిన పిల్లకి గొంతు దానంతటదే వచ్చేస్తుందని మావైపు జనానికి ఎవరు చెప్పారో గానీ గట్టిగా నమ్ముతారు. చిన్నప్పుడు జ్వరం తగ్గాక, నా కళ్ళు ఇక పనిచెయ్యవని తేలిపోయాక, పరామర్శకి వచ్చినవాళ్ళలో సగం మంది మా అమ్మతో “పోన్లెద్దూ, సంగీతం నేర్పించీండి” అని చెప్పి కాఫీ తాగి వెళ్ళారట. మా నాన్న ఎక్కడినుంచో ఒక పాత హార్మోనియం తెచ్చాడు. పాఠం చెప్పడానికి వచ్చిన మాస్టారు కొన్నాళ్ళు ఓపిక పట్టి, “ఈ పిల్లకి ఇంకేదైనా నేర్పించండి బాబూ, దీనికి సంగీతం రాదు” అని చెప్పేశాడు. ఆయన మాట ఎవరికీ నచ్చలేదు. ఆయన్ని మానిపించేసి ఇంకో మాస్టారుని పెట్టారు. ఈయన “బ్రహ్మాండంగా పాడుతోందండీ” అన్నాడు. ఈయన చాలాకాలం వచ్చాడు.

బళ్ళో ఇంకో రకం. లెక్కల పీరియడ్ రాగానే మాస్టారు ప్రేమగా నా తల నిమిరి, “నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తావమ్మా, బయటకెళ్ళి రేపటి ప్రేయర్‌కి పాట ప్రాక్టీస్ చేసుకో” అనేవారు. నేను వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేదాన్ని. లోపల నుంచి ఎక్కాలు వినపడేవి. పరీక్షలో నా పేపరు ఎవరు రాసేవారో, ఎవరు దిద్దేవారో నాకు తెలియదు గానీ నేను లెక్కల్లో ఒక్కసారి కూడా ఫెయిలవ్వలేదు. అందరూ కలిసి నన్ను పాసు చేసేశారు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్ష రాద్దామని పుస్తకం చదివించుకుంటే మొదటి పేజీలోనే ‘శాతం’ అనే మాట వచ్చింది. నూటికి ఇంత అని చెవిన పడ్డమే తప్ప ఆ లెక్క ఎలా చేస్తారో నాకు తెలియదు. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి చింతపిక్కలు దుప్పటి మీద పోసి, కుప్పలు పెట్టించి, నాకు భాగహారం నుంచి మొదలుపెట్టి నేర్పింది. అప్పటికి మా వయసు పిల్లలకి పెళ్ళిళ్ళై పిల్లలు కూడా పుట్టారు. బ్యాంకు పరీక్ష నాకోసం ఆగలేదు. నా తల నిమిరిన ఆ చేతులన్నిటి మీదా నాకు కోపం ఉంది. ఇప్పటికీ ఉంది. తగ్గించుకోమని చాలామంది చెప్పారు, నేను తగ్గించుకోలేదు.

ఆ తర్వాత ప్రత్యేక విద్యలో బీఎడ్ చేసి, చోడవరం చుట్టుపక్కల బళ్ళు తిరిగే ఉద్యోగంలో చేరాను. ఒకరోజు దేవరాపల్లి వైపు, ఒకరోజు కోటపాడు వైపు, మిగతా రోజులు చోడవరంలోనే. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, చదువు నెమ్మదిగా పట్టుబడే పిల్లలు ఏ బళ్ళో ఉంటే ఆ బడికి వెళ్ళి వాళ్ళకీ, వాళ్ళ టీచర్లకీ సాయం చెయ్యడం నా పని. అది కాక అప్పుడప్పుడు టీచర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, అలాంటి పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో శిక్షణ ఇవ్వాలి. శిక్షణ అనగానే బ్యానరు కట్టి, పూలగుత్తి ఇచ్చి, వేదిక మీదకి పిలిచి, ఆ పైన తప్పనిసరిగా ఒక మాట అంటారు: “ముందుగా మన మేడమ్ గారు ఒక ప్రార్థనా గీతం ఆలపిస్తారు.” నేను గొంతు నొప్పి అనేదాన్ని. ఏళ్ళ తరబడి అనేదాన్ని. నా గొంతు నొప్పి మండలమంతా ప్రసిద్ధి. ఒక మాస్టారైతే ఇంటి నుంచి మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసి తెచ్చారు. తాగాను, ఏం చేస్తాను.

చెరుకు గానుగ సీజను మొదలైన కొత్తలో ఒక ఉదయం చోడవరంలోని ఒక హైస్కూలుకి వెళ్ళాను. గేటు దాటుతుంటేనే పాట వినపడింది. గొంతు లేతగా, తిన్నగా ఉంది, ఎక్కడా వణకడం లేదు. నాకు సంగీతం తెలియకపోయినా నిలబడిపోయాను. దగ్గరకి వెళితే ఆ పాట వరండాలో కింద కూర్చున్న ఒక ఆడపిల్ల దగ్గర నుంచి వస్తోంది. నా కర్ర చప్పుడు విని ఆపేసింది.

“ఎవరే పాడుతున్నది?”

“నానే మేడమ్.”

ఆ పిల్ల గురించి నాకు కాగితం మీద తెలుసు. పక్క పల్లె నుంచి ఆటోలో వస్తుంది, తొమ్మిదో తరగతి, పుట్టుకతోనే చూపు లేదు, తండ్రి చెరుకు రైతు. ఈ ఏడాదే ఈ బడికి వచ్చింది. నాకూ ఈ బడి కొత్తగా అప్పజెప్పారు.

“క్లాసుకి వెళ్ళకుండా ఇక్కడేం చేస్తున్నావు?”

“లెక్కల పీరియడ్ కదా మేడమ్. లెక్కలప్పుడు నన్ను పాటకి పంపించీస్తారు.”

ఎన్నేళ్ళు గడిచాయి, ఎన్ని శిక్షణలు ఇచ్చాను, ఎన్ని బ్యానర్లు కట్టారు. వరండా అదే, పీరియడ్ అదే, కూర్చున్న పిల్ల మాత్రం మారింది. ఒళ్ళంతా మండింది. ఆ పిల్ల మీద చూపించకూడదు కాబట్టి పక్కన కూలబడి, “బాగా పాడుతున్నావే” అన్నాను.

“అందరూ అదే అంతారు మేడమ్. పాట నాకొచ్చు. వచ్చిందే మల్లీ మల్లీ సెయ్యమంతారు. రానిది సెప్పరేటి?”

“లెక్కలు ఎంతవరకు వచ్చు?”

“పాత బళ్ళో ఒక మేడమ్ సెప్పింది. భిన్నాల కాడికి వచ్చేను. అక్కడ ఆపీసేరు. ఆల్లందరూ ఇప్పుడు ఏటో ఎక్స్ అంతన్నారు. కిటికీలోంచి ఇనపడతాది. ఎక్స్ ఎంత, ఎక్స్ ఎంత అని సారు పొద్దస్తమానం అడుగుతారు. ఆ ఎక్స్ ఎవులికీ దొరకదు. నాకూ ఎతకాలనుంది మేడమ్.”

నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. గొంతు తగ్గించి, “ఇంక లెక్కల పరీచ్చే రాయక్కర్లేదని పైకి కాగితం పంపిస్తారంట. మా అయ్య సంతకం ఎట్టాలంట. ఆయనెట్టీసేడంటే ఇంక నేదు మేడమ్, అయిపోయినట్టే” అంది.

అప్పుడు లేచి నేరుగా హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు, అది ముందే చెప్పాలి. ఆ పిల్లకి చెప్పులు కొనిచ్చింది ఆయనే, ఆటో వాడితో మాట్లాడి గేటు లోపలి దాకా తీసుకొచ్చి దింపేలా చేసింది ఆయనే. నన్ను చూడగానే కుర్చీ లాగి, “విన్నారా మేడమ్ మన కోయిలని?” అన్నారు మురిసిపోతూ.

“విన్నాను సార్. కోయిలకి లెక్కలు ఎందుకు ఆపేశారు?”

“అయ్యో, ఆపడం ఏంటి మేడమ్. పాపం, ఆ గ్రాఫులూ, ఆ త్రిభుజాలూ... చూపున్న గుంటలకే అవి తలకెక్కవు. ఈ పిల్లని ఎందుకు బాధపెట్టడం? వెసులుబాటు ఉంది కదాని నేనే దగ్గరుండి కాగితం రాయించేను. వాళ్ళ నాన్న వచ్చి సంతకం పెడితే పంపించేస్తాం.”

“ఆ పిల్ల అడిగిందా?”

“చిన్నపిల్ల, దానికేం తెలుసు మేడమ్?”

వెసులుబాట్ల మీద నాకేం పగ లేదు. అవి అవసరమైన పిల్లలు ఉంటారు, వాళ్ళ కోసం నేనే ఆఫీసుల చుట్టూ తిరిగి పోట్లాడాను. కానీ లెక్కలు కావాలని ఏడ్చే పిల్ల దగ్గర వాటిని లాక్కుని దానికి దయ అని పేరు పెడితే నేను ఊరుకోను. ఆ మాట ఆయనతో అలాగే అన్నాను. నాకు నోరు కట్టుకోవడం రాదు. ఆయన నొచ్చుకున్నారు. కాసేపు టేబులు మీద పెన్ను టకటకలాడించి, “వచ్చేవారం మన దగ్గరే కదా టీచర్లందరికీ మీ ట్రైనింగు. అయ్యేదాకా ఆ కాగితం ఆపుతాను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు. ఇంకో మాట, ఆ రోజు ప్రార్థన మాత్రం మన పాపే పాడాలి” అన్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి షేర్ ఆటో చాలాసేపు ఆగిపోయింది. ఆటోవాడు “ఏటమ్మా, అలాగున్నారు” అంటే ఏమీ లేదన్నాను. శిక్షణ కోసం నేను తయారుచేసుకున్న పాఠాలన్నీ మనసులో తిప్పుకున్నాను. చట్టం, హక్కులు, సమానత్వం. అందరూ తలూపుతారు. భోజనం చేసి, ఫోటో దిగి, ఇళ్ళకి వెళ్ళిపోతారు. మర్నాడు లెక్కల పీరియడ్‌లో ఆ పిల్ల మళ్ళీ వరండాలో కూర్చుంటుంది.

శిక్షణ రోజున హాలు నిండింది. చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరూ వచ్చారు. ఆ పిల్ల ముందుకు వచ్చి పాడింది. హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది, ముగిశాక చప్పట్లు మోగిపోయాయి. ఎవరో ముక్కు ఎగబీల్చడం కూడా వినపడింది. హెడ్మాస్టరు గారికి ఉత్సాహం ఆగలేదు. మైకు నా చేతికి ఇస్తూ, “ఇప్పుడు మన మేడమ్ గారు కూడా ఒక గీతం...” అన్నారు.

గొంతు నొప్పి అనబోయాను. ఎందుకో ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ దాక్కున్నది చాలనిపించింది. “తప్పకుండా సార్” అన్నాను.

పాడాను. చిన్నప్పుడు బళ్ళో ప్రేయర్‌కి పాడిన పాటే, చరణాలతో సహా, పూర్తిగా. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక ఎక్కడపడితే అక్కడ ఎత్తుకున్నాను, పైకి వెళ్ళాల్సిన చోట కిందకి దిగిపోయాను, రెండో చరణంలో గొంతు పూర్తిగా చీలిపోయింది. కావాలని చెడగొట్టలేదు సుమా. నాకు చేతనైనంత బాగా పాడాను. అదే నా బాగు. ముందు వరుసలో ఎవరో దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. నేను ఆపాను. ఆ తర్వాత చప్పట్లు, ఆ పిల్లకి కొట్టినంత గట్టిగానూ.

“ఎలా ఉంది?” అని అడిగాను.

“చాలా బాగుంది మేడమ్” అన్నారు ముందు వరుస వాళ్ళు.

“నిజంగా?”

“మీ స్థాయికి... బాగుంది మేడమ్” అంది ఒక టీచరమ్మ.

“నా స్థాయి అంటే ఏమిటండీ?”

నేను మైకు టేబులు మీద పెట్టేసి కూర్చున్నాను. “నా పాట ఎలా ఉందో ఎవరైనా నిజం చెప్పేవరకు ఈ శిక్షణ మొదలవ్వదు. భోజనాల దాకా ఇలాగే కూర్చుంటాను. నాకేం తొందర లేదు” అన్నాను. హెడ్మాస్టరు గారు “మేడమ్, మేడమ్” అంటూ నా కుర్చీ దగ్గరకి వచ్చారు. నేను కదల్లేదు. హాలు గుసగుసలాడింది. ఎవరో నవ్వాపుకోలేక బయటకి వెళ్ళారు. పంకాలు తిరుగుతున్నాయి. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాకు లోపల భయంగానే ఉంది, ఎవరూ చెప్పకపోతే ఏం చెయ్యాలో నేను ఆలోచించుకోలేదు.

చివరికి వెనక వరుసలో కుర్చీ జరిగింది. మగ గొంతు, కాస్త విసుగ్గా. “మేడమ్, ఏమీ అనుకోకండి. బాగోలేదు. అస్సలు బాగోలేదు. మా గేదె అరిచినా ఇంతకంటే నయం.”

హాలంతా గుప్పున నవ్వింది. నేనూ నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

“మీరు ఏం చెప్తారు మాస్టారూ?”

“లెక్కలు. ఈ బళ్ళోనే.”

ఆ పిల్లని వరండాలోకి పంపే మనిషి ఈయనే అన్నమాట. “లేచి ముందుకు రండి మాస్టారూ, మీతోనే నాకు పని” అన్నాను. ఆ తర్వాత హాలు వైపు తిరిగి నేను చెప్పాల్సింది చెప్పాను. నా పాట బాగోలేదని మీ అందరికీ తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే నేను చూపు లేనిదాన్ని. మీ క్లాసులో అలాంటి పిల్ల లెక్క తప్పు చేసినా మీకు నోరు రాదు. తప్పని చెప్పలేని చోట పాఠం చెప్పలేరు. అందుకే ఆ పిల్లని బయటకి పంపేస్తున్నారు. మీకు ఇబ్బంది కాబట్టి పంపుతున్నారు, ఆ పిల్లకి ఇబ్బందని కాదు.

అందరూ ఒప్పుకున్నారని అనను. ఒక టీచరమ్మ లేచి గట్టిగానే అడిగింది. “మీరు చెప్పడానికి బానే ఉంటాది మేడమ్. ఒక్కో క్లాసులో ఎంతమంది? సిలబస్ అవ్వాలి, యాప్‌లో హాజరు ఎక్కించాలి, భోజనం ఫోటోలు తియ్యాలి, ఆఖరికి బాత్రూముల ఫోటోలు కూడా మేమే తియ్యాలి. ఇందులో ఒక్క పిల్ల కోసం విడిగా ఎప్పుడు చెప్పగలం?” ఆమె మాటలో అబద్ధం లేదు. నేను కూడా బాత్రూముల ఫోటోల గురించి ఎన్నోసార్లు విన్నాను, ఆ పని చేయించేవాళ్ళ మీద నాకూ ఒళ్ళుమంటే. ఆ మాట ఆమెతో అన్నాను. “కానీ అమ్మా, ఆ కోపం పైవాళ్ళ మీద చూపించండి, నేనూ మీ వెంట వస్తాను. ఆ పిల్ల మీద తీర్చుకోకండి. విడిగా చెప్పమని కూడా నేను అడగడం లేదు. అందరితో కలిపి చెప్పండి. ఎలాగో మాస్టారు చూపిస్తారు.”

లెక్కల మాస్టారుని బోర్డు దగ్గర నిలబెట్టి, ఒక చిన్న సమీకరణం తీసుకుని మామూలుగా చెప్పమన్నాను. ఆయన మొదలుపెట్టారు. “ఇది అటు ఎల్తే మైనస్ అవుద్ది. ఇప్పుడు దీన్ని దీంతో కొట్టీస్తే ఇదొస్తాది.” ఇది, అది, అటు, ఇటు అన్న ప్రతిసారీ నేను టేబులు మీద కొట్టాను. చిన్న లెక్క పూర్తయ్యేసరికి నా చెయ్యి నొప్పెట్టింది, హాలంతా నవ్వుతోంది. ఆయనకి పౌరుషం వచ్చింది. బోర్డు తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కుంటూ. “ఎక్స్ ప్లస్ ఏడు ఈజ్ ఈక్వల్ టు పన్నెండు. ఎడమవైపు ప్లస్ ఏడు ఉంది. దాన్ని కుడివైపుకి తీసుకెళ్తే మైనస్ ఏడు అవుతుంది. పన్నెండులోంచి ఏడు తీసేస్తే అయిదు. కాబట్టి ఎక్స్ అయిదు.”

నేను ఒక్కసారి కూడా కొట్టలేదు. “అబ్బా, ఇలా చెప్తే నాకే అర్థమైపోయింది, నేను తెలుగు టీచర్ని” అన్నారెవరో.

అప్పుడు హాలు చివర నుంచి ఆ పిల్ల గొంతు వచ్చింది. పాట అయ్యాక పంపేశారనుకున్నాను, వెళ్ళలేదు. “సార్, ఏడు ఇటుపక్క ఉంతే ప్లస్, అటెల్తే మైనస్ ఎందుకైపోద్ది సార్? ఏడు ఏడే కదా?”

మాస్టారు చాక్‌పీసు టేబులు మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత, “మంచి ప్రశ్నే. అది క్లాసులో చెప్తాను. క్లాసుకి రా” అన్నారు.

మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసులో కూర్చుంది. హెడ్మాస్టరు గారు కాగితం ఆపారు గానీ చింపలేదు, “యూనిట్ టెస్టు అయ్యాక చూద్దాం” అన్నారు. నేను నా వంతు రోజుల్లో వెళ్ళి కూర్చునేదాన్ని. కన్నాలున్న పలక ఒకటి ఉంటుంది. దానిలో చిన్న సీసపు ముక్కలు గుచ్చి లెక్క చేస్తారు. ముక్క ఎటు తిప్పి గుచ్చామన్నదాన్ని బట్టి అంకె మారుతుంది, వేలితో తడిమి చదువుకోవచ్చు. ఆ పలక మీద ఆ పిల్లకి పాతవన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. గ్రాఫులు మాస్టారే తయారుచేశారు. పుస్తకాల అట్ట మీద దారం ఫెవికాల్‌తో అంటించి, బిందువులు ఉన్నచోట మినపగుళ్ళు పెట్టారు. మొదటి అట్ట ఎలకలు కొరికేశాయి. అప్పటి నుంచి మినపగుళ్ళ బదులు వాళ్ళావిడ బొట్టుబిళ్ళలు వాడారు.

అంతా బాగా జరిగిపోయిందని చెప్పాలని నాకూ ఉంది, కానీ జరగలేదు. మాస్టారు మాట మీద నిలబడినా ఒక్కచోట జారిపోయేవారు. ఆ పిల్ల జవాబు తప్పు చెప్తే “పర్లేదమ్మా, బాగానే ప్రయత్నించేవు” అని ముందుకి వెళ్ళిపోయేవారు. పక్కనున్న పిల్లాడు అదే తప్పు చెప్తే “బుర్రేం చేస్తోందిరా, మళ్ళీ చెయ్యి” అనేవారు. ఒకరోజు క్లాసవ్వగానే ఆయన్ని ఆపాను. “నా పాట గేదె అరుపులా ఉందన్న నోరు ఇదేనా మాస్టారూ?”

“మీరు పెద్దవారు మేడమ్. పైగా మీరే అడిగేరు. ఆ గుంట దగ్గరకి వచ్చేసరికి నోరు రావట్లేదు. మా ఇంట్లోనూ అంత పిల్లుంది.”

“మీ ఇంట్లో పిల్ల తప్పు చేస్తే ఏమంటారు?”

“తిడతాను.”

“మరింకేం.”

యూనిట్ టెస్టు వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పక్కన కూర్చుని రాసిపెట్టింది, జవాబులన్నీ మా పిల్లవే. మాస్టారు పేపరు అందరివీ దిద్దినట్టే దిద్దారు. ఆ పిల్ల ఫెయిలైంది.

హెడ్మాస్టరు గారు నాకు ఫోన్ చేశారు. గొంతులో బాధ నిజంగానే ఉంది. “చూసేరా మేడమ్, ఇందుకే నేను వద్దన్నాను. పాపం, ఆ పిల్ల మనసు ఎంత కష్టపడుంటాదో. రేపు వాళ్ళ నాన్నని రమ్మన్నాను. సంతకం పెట్టించేసి ఈ గొడవ వదిలించేద్దాం.” నేను ఏం చెప్పినా ఆయన వినే స్థితిలో లేరు. ఇన్నాళ్ళ కష్టం ఒక్క సంతకంతో పోతుందని తెలిసి ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆయన గదిలో అందరం చేరాం. హెడ్మాస్టరు గారు, లెక్కల మాస్టారు, నేను, ఆ పిల్ల, వాళ్ళ నాన్న. ఆయన చెరుకు నరికే పని మధ్యలో వదిలేసి వచ్చారట. ఆయన దగ్గర పచ్చి చెరుకాకు వాసన వస్తోంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. హెడ్మాస్టరు గారు నెమ్మదిగా, ప్రేమగా మొత్తం వివరించారు. పిల్లని కష్టపెట్టొద్దని, లెక్కలు లేకపోయినా పాసవ్వొచ్చని, సంగీతంలో మంచి భవిష్యత్తు ఉందని చెప్పారు. ఆయన చెప్పే తీరుకి నాకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. అందుకే ఆ దయంటే నాకు భయం. కాగితం టేబులు మీద జరిపిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు వినపడ్డాయి.

“సంతకం ఎక్కడెట్టాలండి?” అన్నాడు తండ్రి.

నేను నోరు తెరిచాను. హక్కుల గురించి, చట్టం గురించి తయారుచేసుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. అంతలో ఆ పిల్ల అడిగింది.

“సార్, మా క్లాసులో లెక్కల్లో ఎంతమంది పోయేరు?”

లెక్కల మాస్టారు జవాబు చెప్పారు. “సగం క్లాసు పోయేరమ్మా.”

“ఆల్లందరికీ నాన్నల్ని పిలిపించేరా సార్? ఆల్లందర్నీ కూడా రేపట్నించి పాటకి పంపిస్తన్నారా?”

ఆ పిల్ల ఆగలేదు. “మా అన్న నిరుడు లెక్కల్లో పోయేడు. ఆడికి మల్లీ రాయమన్నారు. ఆడు మల్లీ రాసేడు. మల్లీ పోయేడు. మల్లీ రాయమన్నారు. నాకు ఒక్కసారికే ఇంక సాలంతన్నారేటి సార్? నాను ఆడికన్నా ఎక్కువ మార్కులు తెచ్చేను.”

ముందు నవ్వింది వాళ్ళ నాన్న. పగలబడి నవ్వాడు. “అది నిజమేనండి బాబూ. ఆడికి ఇంతకన్నా తక్కువొచ్చేయి” అంటూ పెన్ను మూత పెట్టేసిన చప్పుడైంది. “గుంట మల్లీ రాస్తాదండి. సంతకం ఎట్టను.”

హెడ్మాస్టరు గారు ఏదో అనబోయారు. “పాపం” అన్న మాట వరకు వచ్చి ఆగిపోయారు. లెక్కల మాస్టారు కుర్చీలోంచి లేచారు.

“సరే. ఫెయిలైన వాళ్ళందరికీ రేపట్నించి పొద్దున్నే స్పెషల్ క్లాసు. నువ్వూ రావాలి. ఒక్క నిమిషం లేటయ్యేవంటే మిగతా వాళ్ళతో పాటు నిన్నూ ఎండలో నిలబెడతాను. పాటలు గీటలు అని వంకలు చెప్పకు. అర్థమైందా?”

“అర్థమైంది సార్” అని గట్టిగా అరిచినట్టు చెప్పింది ఆ పిల్ల. నా చిన్నప్పుడు ఒక్క మాస్టారైనా నన్నలా కసిరి ఉంటే బాగుండేదనుకున్నాను. హెడ్మాస్టరు గారి గదిలో, అందరి ముందూ, సిగ్గు లేకుండా ఏడ్చేశాను.